కార్తీక పౌర్ణమి, కీమో పంపు, టర్కీ ట్రే | ఎడిసన్‌లో మా ఇంట్లో ఒక రోజు

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఇక్కడ అమెరికాలో, న్యూజెర్సీ ఎడిసన్‌లో తెల్లవారుజామున నాలుగున్నర. బయట 34 డిగ్రీల ఫారెన్‌హీట్, మన సెల్సియస్ లెక్కలో ఒకటి. ఈ టైమ్‌లో నేను కెమెరా పట్టుకునే రకం కాదని మీకు తెలుసు. నాన్న లేచేశారు, అందుకని లేచాను. ఈరోజు కార్తీక పౌర్ణమి.

ఒక్క నిమిషం, వినండి... గుర్‌ర్... వినిపించిందా? ఫ్రిజ్ కాదు. నాన్న నడుముకి కట్టుకున్న సంచీలో కీమో పంపు. నిన్న మధ్యాహ్నం మూడింటికి హాస్పిటల్లో తగిలించి ఇంటికి పంపేశారు. 46 గంటలు కొంచెం కొంచెంగా మందు ఎక్కుతూనే ఉంటుంది. రేపు ఒంటిగంటకి వెళ్లి తీయించుకోవాలి. అమ్మ దానికి కప్ప అని పేరు పెట్టింది. "కప్ప అరిచింది, సంచీ పక్కకి జరుపుకోండి" అంటుంది రాత్రిపూట.

కొత్తగా చూస్తున్నవాళ్లకి గబగబా చెప్పేస్తా. నాన్నకి 68. పెద్దపేగు క్యాన్సర్, మూడో స్టేజ్. జూలైలో ఆపరేషన్ చేసి పేగు ముక్క తీశారు. లింఫ్ గ్రంథుల్లో కూడా కనిపించింది కాబట్టి కీమో, రెండు వారాలకోసారి, మొత్తం 12. నిన్నటిది ఆరోది. ఇన్సూరెన్స్ ఎలా అని చాలామంది అడుగుతున్నారు. విజిటర్ ఇన్సూరెన్స్ ఇలాంటివాటికి పనికి రాదండీ. అమ్మావాళ్లు గ్రీన్‌కార్డ్ మీద వచ్చి రెండేళ్లే అయింది. మెడికేర్ అంటే ఇక్కడ 65 దాటినవాళ్లకి గవర్నమెంట్ ఇన్సూరెన్స్, అయిదేళ్లు వరసగా ఉంటే గానీ అది కొనుక్కోనివ్వరు. అందుకని మార్కెట్‌ప్లేస్ ప్లాన్, అంటే గవర్నమెంట్ వెబ్‌సైట్‌లో ఎవరికి వాళ్లు కొనుక్కునే ఇన్సూరెన్స్, తీసుకున్నాం. అమ్మానాన్నల్ని తెచ్చుకుంటున్నవాళ్లు వాళ్లు దిగిన నెలలోనే ఆ పని చూసుకోండి. ఇక ఆ గొడవ ఇక్కడితో ఆపేస్తా.

మాది భీమవరం, గునుపూడి. పంచారామాల్లో ఒకటైన సోమారామం మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. అక్కడి లింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకి నల్లగా మారుతుందని మా ఊరి నమ్మకం. కార్తీకంలో ఆర్టీసీ వాళ్లు ఒక్కరోజులో అయిదు గుళ్లూ తిప్పే స్పెషల్ బస్సులు వేస్తారు కదా. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట. నాన్న ఏటా వెళ్లేవారు. నెల్లాళ్లూ చీకటితో లేచి చన్నీళ్ల స్నానం, సోమవారాలు ఉపవాసం, చుక్కని చూశాకే అన్నం. చిన్నప్పుడు నాకు కార్తీకమాసం అంటే బాత్రూంలో నాన్న "శివశివా" అని వణికే గొంతు.

ఇప్పుడు అసలు తిరకాసు వినండి. ఈ కీమోలో ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఉంటుంది. అది ఎక్కిన తర్వాత కొన్నాళ్లు చల్లటిది ఏదీ తగలకూడదు. ఫ్రిజ్‌లో గిన్నె ముట్టుకుంటే వేళ్లకి సూదులు గుచ్చినట్టు ఉంటుంది, చన్నీళ్లు తాగితే గొంతు బిగుసుకుపోతుంది. మాకు ముందే చెప్పారు, కాగితం కూడా ఇచ్చారు. కూల్‌డ్రింకులు మానేశాం, ఐస్‌క్రీమ్ మానేశాం, ఫ్రిజ్ తలుపుకి గ్లోవ్స్ వేలాడదీశాం. మొదటి కీమో మర్నాడు పొద్దున్నే పూజయ్యాక నాన్న తీర్థం తీసుకున్నారు. అంతే, గొంతు పట్టుకుని కూలబడిపోయారు. ఊపిరాడట్లేదని సైగలు. నేను అంబులెన్స్ కోసం 911 నొక్కబోతుంటే, మా ఆయన హాస్పిటల్ నంబర్‌కి చేశారు. నర్సు తొణక్కుండా మొదట అడిగింది ఒకటే, ఏమైనా చల్లటిది తాగారా అని. లేదన్నాను. నిజంగా లేదనే అనుకున్నాను! అమ్మ పంచపాత్రలో నీళ్లు ఫ్రిజ్ తలుపుకుండే కుళాయి నుంచి పట్టింది. తీర్థం మంచినీళ్ల లెక్కలోకి వస్తుందని మాకెవరికీ తట్టలేదు. గోరువెచ్చటి నీళ్లు పట్టించాక పది నిమిషాల్లో సర్దుకుంది.

ఆరోజు నేను నాన్న మీద అరిచాను. పూజలూ గీజలూ ఆర్నెల్లు ఆపలేరా అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున చూస్తే పంచపాత్ర పక్కన ఫ్లాస్కు ఉంది.

ఇప్పుడు అభిషేకానికి కూడా ఆ ఫ్లాస్కు నీళ్లే. చూపిస్తా రండి, నాన్న మొహం మాత్రం చూపించను, ఆయనకి ఇష్టం లేదు. ఇదిగో ఆయన చేతులు. స్నానం చేయలేదండీ ఈరోజు. ఛాతీ మీద కుడివైపు చర్మం కింద పోర్టు, అంటే మందు ఎక్కించే చిన్న డబ్బీ, ఉంది, పంపు ఉన్నంతసేపూ దాంట్లో సూది ఉంటుంది, తడవకూడదు. కార్తీక పౌర్ణమి నాడు స్నానం లేకుండా పూజ ఏమిటని నిన్న రాత్రి ఒకటే మథనపడ్డారు. చివరికి మా ఊళ్లో తెలిసిన పూజారిగారికి ఫోన్ చేశాం. ఆయన, "విభూతి పూసుకోండి, భస్మస్నానం కూడా స్నానమేనండి. ఉపవాసం మాత్రం రోగికి లేదు, వేళకి తినండి" అన్నారు. సరిగ్గా ఇదే ముక్క డైటీషియన్ రెండు నెలలుగా చెబుతోంది! విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీళ్లు తగ్గిపోతాయి, కడుపు మాడ్చకండి అని. అప్పుడు వినలేదు. పూజారిగారు చెప్పగానే అటుకుల ఉప్మా తిన్నారు. నాకు ఒళ్లు మండింది, నిజం చెబుతున్నా. కానీ తిన్నారు. అన్నం మాత్రం చుక్క చూశాకే. అక్కడికి రాజీ.

సరే, ఈ వీడియోలో నేను అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు వస్తుంది. జపానికి కూర్చున్నారు. రుద్రాక్షమాల, 108 పూసలు. సగం తిప్పి ఆగారు. మళ్లీ మొదటినుంచి. మళ్లీ ఆగారు. "ఏమైంది నాన్నా" అంటే, "పూస తెలియట్లేదే బుజ్జీ" అన్నారు. వేలికొసలకి పూస తగలట్లేదట. ఒకటి జరిగిందో రెండు జరిగాయో తెలియక లెక్క తప్పుతోందట. రుద్రాక్ష ఎంత గరుగ్గా ఉంటుందో మీకు తెలుసుగా! ఎన్నాళ్లనుంచి అని గుచ్చి గుచ్చి అడిగితే, పోయిన కీమో నుంచి అస్సలు తగ్గలేదని బయటపెట్టారు. మొదట్లో వారంలో తగ్గిపోయేది.

ఈ మందు వల్ల వచ్చే వేళ్ల తిమ్మిరి గురించి హాస్పిటల్లో ప్రతి విజిట్‌లోనూ అడుగుతారండీ. స్క్రీన్ మీద తెలుగు ఇంటర్‌ప్రెటర్ వస్తారు, ఉచితమే, ఇక్కడ హాస్పిటల్‌ని అడగడం మర్చిపోకండి. మాకు వచ్చినాయన భాష మరీ గ్రాంథికం. "తమకు మలవిసర్జన సజావుగా జరుగుచున్నదా" అంటే నాన్న నవ్వాపుకోలేక ఉక్కిరిబిక్కిరయ్యారు. ఆయనే అడిగారు, చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నారా అని. ఆ, పెట్టుకుంటున్నాను అన్నారు నాన్న. అబద్ధం కాదు. గుండీలు కళ్లతో చూసుకుంటూ పెట్టుకుంటారు కదా, జపమేమో కళ్లు మూసుకుని.

ఎనిమిదింటికి నర్సుకి మెసేజ్ పెట్టాను. గుండీల మాట కాదు, పూసల మాటే రాశాను, ఉన్నదున్నట్టు. గంటలో ఫోన్ చేసింది. ఒక కీమోకీ ఇంకో కీమోకీ మధ్య తిమ్మిరి తగ్గకపోవడం డాక్టరుగారికి తెలియాల్సిన విషయమట. ఏడోదానికి ముందు చూసి ఆక్సాలిప్లాటిన్ మోతాదు తగ్గించొచ్చు, లేదా అది ఒక్కటీ ఆపేసి మిగతా మందు నడపొచ్చు అంది. వదిలేస్తే ఆ తిమ్మిరి కీమో అయిపోయాక కూడా ఉండిపోవచ్చట. మాల గురించి ఇంకో రెండు ప్రశ్నలు అడిగి రాసుకుంది. నేను రెండున్నర నెలల కిందట ఆపేయమన్నది ఈ జపాన్నే.

మధ్యాహ్నం పెద్దగా ఏమీ లేదు. నాన్న పడుకున్నారు. టాయిలెట్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి, మందు ఒంట్లోంచి బయటికి పోతుంది కాబట్టి. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, వాడే దానికి ఇన్‌స్పెక్టర్. ఒక బంధువు వాట్సాప్‌లో లక్ష్మణ ఫలం ఆకుల కషాయం మళ్లీ పంపించారు, నాలుగోసారి. హాస్పిటల్ ఫార్మసిస్టుని మొదటే అడిగాం, కీమో నడుస్తుండగా కషాయాలూ పసుపు క్యాప్సూల్సూ ఏవీ వద్దంది. నాన్న కూడా ముట్టుకోరు. శివుణ్ణి నమ్మే మనిషి కదా అని అన్నీ నమ్మేస్తారనుకోకండి.

సాయంత్రం దీపాలు. 365 వత్తుల కట్ట అమ్మ దసరా నుంచే చేసి పెట్టుకుంది, ఏడాదిలో పెట్టలేకపోయిన దీపాలన్నిటికీ కలిపి. నీళ్లలో వదలాలి కదా, బాత్‌టబ్‌లో వదులుదాం అన్నాను. "బాత్రూంలో దీపమేమిటే, బుద్ధుందా" అంది. అప్పుడు షాపుల్లో థ్యాంక్స్‌గివింగ్ పండగ కోసం గుట్టలుగా పేర్చిన, టర్కీ కోడిని వండే అల్యూమినియం ట్రేలు గుర్తొచ్చాయి. అందులో ఏం వండుతారో అమ్మకి చెప్పలేదు, మీరూ చెప్పకండి. అరటిదొప్పకి బదులు కమలాపండు తొక్క. నీళ్లు గోరువెచ్చనివి. నాన్న కూర్చుని, చేత్తో మూడుసార్లు నీళ్లు తోశారు. దీపం ట్రే అవతలి అంచుకి వెళ్లి తగిలింది. ఆయన ఇంకో రెండుసార్లు ఊరికే తోశారు, నీళ్లు బావున్నాయన్నట్టు.

కట్ట వెలిగించగానే స్మోక్ అలారం మోగింది. 365 వత్తులు, ఆవునెయ్యి, మోగదా మరి! మా ఆయన కుర్చీ ఎక్కి తువ్వాలు ఊపుతుంటే, వీడియో కాల్‌లో భీమవరం నుంచి మా పిన్ని "ఏమిటే ఆ గంట, గుడికెళ్లారా?" అంటోంది. అక్కడ తెల్లవారుజామున నాలుగు, గుడి ముందు కోనేటి దగ్గరుంది. మెట్ల నిండా దీపాలు. నాన్న ఫోన్ తీసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

చుక్క కోసం కిటికీ దగ్గరికి చేరాం. చల్లగాలి పీలిస్తే దవడ పట్టేస్తుంది, అందుకని ముక్కూ నోరూ మఫ్లర్‌తో చుట్టి అద్దం లోపల నుంచే. మబ్బు. పావుగంట నిలబడ్డాం. ఇంతలో మా అబ్బాయి, "తాతయ్యా, స్టార్! స్టార్!" అని గెంతాడు. చూస్తే నెవార్క్ ఎయిర్‌పోర్టులో దిగబోతున్న విమానం.

"అది కదులుతోందిరా" అన్నాను.

నాన్న దాన్నే చూస్తూ దణ్ణం పెట్టుకున్నారు. "ఆకాశంలో వెలుగుతోందిగా. అన్నం పెట్టవే, ఆకలేస్తోంది" అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు, పౌర్ణమి పూటా విమానాన్ని చూసి తినడమేమిటని ఇంకో పది నిమిషాలు నిలబెట్టింది. మబ్బు పక్కకి జరిగి చుక్క కాదు, ఏకంగా చంద్రుడే కనిపించాడు.

బీరకాయ కూర, చారు, మెత్తగా అన్నం. రెండోసారి కూడా వేయించుకున్నారు. రేపు ఒంటిగంటకి కప్పని ఇచ్చేసి రావాలి. ఉంటానండీ.