వీడియో డోర్ ఫోన్ రాత్రిళ్లే ఎందుకు ఆఫ్‌లైన్ అవుతుంది?

నమస్కారం అండీ. ఇవాళ వైఫై వీడియో డోర్ ఫోన్ల గురించి మాట్లాడుకుందాం. గేటు దగ్గర కెమెరా యూనిట్, హాల్లో గోడకి స్క్రీన్, ఫోన్‌లో యాప్, ఈ మూడూ కలిసి వచ్చే సెట్లు. ఫీచర్లన్నీ డబ్బా మీదే ఉంటాయి, అవి చదివి వినిపించను. కొన్నాక ఏడిపించేది ఒకటే, యాప్ తెరిస్తే "డివైజ్ ఆఫ్‌లైన్". ఈ గొడవ ఏ బ్రాండ్‌కైనా ఉండేదే, అందుకే ఈ వీడియో అంతా దాని మీదే.

ఆఫ్‌లైన్ అనగానే మనవాళ్లు రూటర్ మీద పడతారు. రీసెట్ చేస్తారు, పాస్‌వర్డ్ మారుస్తారు, నెట్ వాళ్లకి ఫోన్ చేస్తారు. నేనైతే ముందు కరెంటు చూడమంటాను. పగలంతా బాగా పనిచేసి, చీకటి పడ్డాకే పోతోందంటే మొదటి అనుమానం వైరు మీదే రావాలి.

ఎందుకో చూపిస్తాను. ఈ ఇంట్లో 12 వోల్టుల అడాప్టర్ హాల్లో ఉంది. గేటు దాకా పాత కాలింగ్ బెల్ కోసం లాగిన సన్నటి వైరునే వాడేశారు. దూరం 25 మీటర్లు. పోను, రాను కలిపితే 50 మీటర్లు. అర మిల్లీమీటరు మందం రాగి తీగకి అంత పొడవులో 4 ఓంలకు పైనే రెసిస్టెన్స్ ఉంటుంది. ఇదిగో, గేటు యూనిట్ వెనక స్క్రూల మీద మీటర్ పెట్టాను. 10.9 వోల్టులు. అంటే ఒక వోల్టు దారిలోనే పోయింది. ఇప్పుడు లెన్స్ పక్కనున్న లైట్ సెన్సర్‌ని వేలితో మూస్తున్నాను. టిక్ మని వినపడిందా? కెమెరా నైట్ మోడ్‌లోకి వెళ్లింది, ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు వెలిగాయి, లాగే కరెంటు రెట్టింపయింది. మీటర్ చూడండి, 9.8. అదిగో, యూనిట్ రీస్టార్ట్ అయిపోయింది. యాప్‌లో మాత్రం నెట్‌వర్క్ ఎర్రర్ అనే వస్తుంది. పాపం రూటర్ తప్పేమీ లేదు.

లాక్ తీసే బటన్ నొక్కగానే యూనిట్ ఆగిపోయినా కారణం ఇదే. ఎలక్ట్రిక్ లాక్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. దానికి వేరే అడాప్టర్ పెట్టించండి. గేటు యూనిట్‌కి మందమైన వైరు వేయించండి, లేదా అడాప్టర్‌నే వాన తగలని బాక్సులో గేటు దగ్గరికి తీసుకెళ్లండి. వోల్టులు తగ్గుతున్నాయి కదా అని 15 వోల్టుల అడాప్టర్ మాత్రం పెట్టకండి, మాన్యువల్‌లో ఒప్పుకుంటే తప్ప.

కరెంటు సరిగ్గా ఉన్నా సమస్య పోలేదంటే, అప్పుడు వైఫై. ఇలాంటి యూనిట్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఒక్కటే అందుతుంది. రెండు బ్యాండ్లకీ ఒకటే పేరుంటే పెయిరింగ్ అప్పుడు కొన్ని తికమకపడతాయి, అంతసేపూ రెండోదైన 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ని ఆపేయండి. రూటర్‌లో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాత యూనిట్ కనెక్ట్ కాదు, డబ్ల్యూపీఏ2 పెట్టి చూడండి. యూనిట్ సెట్టింగ్స్‌లో సిగ్నల్ చూపిస్తే, మైనస్ 67 డీబీఎం చుట్టుపక్కల ఉంటే వీడియోకి ఢోకా లేదు. మైనస్ 80 అంటే గేటు వైపు ఇంకో యాక్సెస్ పాయింట్, అంటే వైఫై ఇచ్చే ఇంకో డబ్బా, పెట్టాల్సిందే. ఇనుప గేటు, కాంక్రీటు గోడ, రెండూ సిగ్నల్‌ని బాగా తినేస్తాయి.

మన దగ్గర కరెంటు పోయి రావడం ఇంకో తలనొప్పి. కరెంటు రాగానే గేటు యూనిట్ ముందే లేస్తుంది, రూటర్‌కి కాస్త టైం పడుతుంది. వైఫై దొరక్క మళ్లీ ప్రయత్నించకుండా కూర్చునే యూనిట్లూ ఉన్నాయి. రూటర్‌తో పాటు దాన్ని కూడా ఇన్వర్టర్ లైన్‌లో పెట్టిస్తే ఆ బాధ ఉండదు. యూనిట్ ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాని నంబరు, మారకుండా రూటర్‌లో రిజర్వ్ కూడా చేసేయండి.

బెల్ మోగుతోంది, స్క్రీన్ వెలుగుతోంది, ఫోన్‌కి మాత్రం కాల్ రావట్లేదంటే చూడాల్సింది ఫోన్‌నే. ఆండ్రాయిడ్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేసి, ఆటోస్టార్ట్ ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి.

అమెరికాలో ఉన్న పిల్లలు ఇక్కడ అమ్మానాన్నల గేటు చూసుకోవాలని పెట్టించే ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్లకి ఒక మాట. పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి నేరుగా యూనిట్‌కి రూటర్‌లో దారి తెరవడం, చేస్తే చాలని ఎవరైనా చెబితే, ముందు రూటర్‌లో వాన్ ఐపీ, అంటే నెట్ వాళ్లు రూటర్‌కి ఇచ్చిన అడ్రస్, చూడమనండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లు పంచుకుంటున్నట్టు. అక్కడ పోర్ట్ ఫార్వర్డింగ్‌తో బయటి నుంచి లోపలికి రాలేరు. కంపెనీ క్లౌడ్ ద్వారా నడిచే యాప్ అయితే పనిచేస్తుంది. క్లౌడ్ వద్దనుకుంటే నెట్ వాళ్లని స్టాటిక్ ఐపీ అడగాలి, దానికి విడిగా డబ్బు కట్టాలి.

ఇక ఏది కొనాలి? ఫ్లాట్‌లో తలుపు పక్కన పెట్టేదైతే వైఫై సెట్ చాలు. గేటు దూరంగా ఉన్న ఇండిపెండెంట్ ఇంటికి మాత్రం పీఓఈ సెట్‌కే నా ఓటు. ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో డేటా, కరెంటు రెండూ వెళ్తాయి, 100 మీటర్ల దాకా ఫర్వాలేదు. వోల్టేజ్ 48 దగ్గర ఉంటుంది కాబట్టి అదే పనికి తక్కువ కరెంటు చాలు, ఇందాక చూసిన నష్టం ఇక్కడ పెద్దగా ఉండదు. కేబుల్ కొనేటప్పుడు పూర్తి రాగిదేనా అని అడిగి తీసుకోండి. అల్యూమినియం మీద రాగి పూత వేసినవి చవగ్గా అమ్ముతున్నారు, వాటి జోలికి పోవద్దు. ఇల్లు కట్టిస్తున్నవాళ్లయితే ప్లాస్టరింగ్ కాకముందే గేటు దాకా ఒక పైపు వేయించి ఉంచండి.