స్ట్రాంగ్ కాఫీ అంటే చేదు కాఫీ కాదు

అందరికీ నమస్కారం.

డికాక్షన్ పలచగా దిగిందనుకోండి. చాలా ఇళ్లలో వెంటనే దాన్ని పొయ్యి మీద పెట్టి మరిగిస్తారు. లేదా ఫిల్టర్‌లో మిగిలిన పొడి మీదే మళ్లీ నీళ్లు పోస్తారు. మరిగిస్తే సువాసన ఎగిరిపోతుంది. రెండోసారి నీళ్లు పోస్తే చేదూ వగరూ దిగుతాయి. మనం కోరుకున్న బలం మాత్రం రాదు.

వేయించిన కాఫీ గింజలో నీళ్లలో కరిగేది దాదాపు 30 శాతమే. ముందు పులుపు, తర్వాత తీపి, చివర చేదు బయటికొస్తాయి. 1950లలో అమెరికాలో ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రవేత్త ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ దీన్ని కొలిచి చూశారు. పొడి బరువులో 18 నుంచి 22 శాతం దాకా దిగితే రుచి బాగుంటుందని తేలింది. అంతకన్నా తక్కువైతే పులుపు, ఎక్కువైతే చేదు. చిక్కదనం లెక్క వేరు. అది ఎంత పొడికి ఎన్ని నీళ్లు పోశామన్నదాన్ని బట్టి ఉంటుంది.

యంత్రంతో తీసే ఎస్ప్రెస్సో కాఫీలో 9 బార్ల ఒత్తిడితో, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్ల ఒత్తిడితో, వేడినీళ్లు మెత్తటి పొడిలోంచి అర నిమిషంలో వచ్చేస్తాయి. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీయే వస్తుంది కాబట్టి, కరిగిన పదార్థం అందులో 10 శాతం దాకా ఉంటుంది. కాగితంలోంచి వడకట్టే పేపర్ ఫిల్టర్ కాఫీలో మామూలుగా ఒకటిన్నర శాతం కూడా ఉండదు. అయినా ఆ పేపర్ ఫిల్టర్ కాఫీ ఒక పెద్ద కప్పు మొత్తం తాగితే, ఒక్క షాట్ (చిన్న కప్పు) ఎస్ప్రెస్సో కన్నా ఎక్కువ కెఫీన్ ఒంట్లోకి వెళ్తుంది. నాలుకకు ఘాటుగా తగిలిందల్లా నిద్ర ఎక్కువ చెడగొడుతుందనుకోకండి.

మన స్టీలు ఫిల్టర్‌లో ఒత్తిడి ఏమీ ఉండదు. నీళ్లు నిదానంగా, వాటంతట అవే దిగుతాయి. పొడి ఎక్కువ, నీళ్లు తక్కువ కాబట్టి డికాక్షన్ చిక్కగా వస్తుంది, సగానికి పైగా పాలు పోసినా కాఫీ రుచి నిలబడుతుంది. నాకు ఇంతకు మించిన పద్ధతి లేదు. పలచగా వస్తే మరుసటి రోజు ఇంకో చెంచా పొడి వేయండి. నీళ్లు మరీ త్వరగా జారిపోతుంటే పొడి బరకగా ఉందేమో చూడండి.

చికోరీ సంగతి కూడా చెప్పాలి. అది వేయించిన వేరు, అందులో కెఫీన్ ఉండదు. రంగు, చిక్కదనం, చేదు ఇస్తుంది. మన దేశంలో కాఫీ-చికోరీ మిశ్రమంలో 51 శాతం కాఫీ ఉంటే చాలు, మిగతాదంతా చికోరీ కావచ్చు. నల్లగా దిగిన డికాక్షన్ చూసి మురిసిపోయే ముందు ప్యాకెట్ మీద ఆ శాతం చదవండి. వీలైతే చికోరీ కలపని అరకు అరబికా రకం కాఫీ పొడి తెచ్చి ఫిల్టర్‌లో దించండి. పాలు పోయకముందు, కాస్త వేడినీళ్లు కలిపి ఒక్క గుక్క తాగి చూడండి.