గోల్ పడని రోజుల్లో స్ట్రైకర్

శ్రోతలందరికీ నమస్కారం.

విజయవాడలో గానీ గుంటూరులో గానీ సాయంకాలం ఏ మైదానం పక్కగా నడిచినా ముందు కనిపించేది క్రికెట్టే. ఆ పక్కనే, మిగిలిన కాస్త చోటులో, రెండు జతల చెప్పులను గోల్ స్తంభాలుగా పెట్టుకుని ఫుట్‌బాల్ ఆడే పిల్లలు కూడా ఇప్పుడు కనిపిస్తున్నారు. చలికాలంలో ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు మొదలయ్యే మ్యాచ్ మనకు రాత్రి ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. సరిగ్గా భోజనాల వేళ. అలా టీవీ ముందు కూర్చుని ఆ ఆట మీద మనసు పడ్డ పిల్లలు వీళ్లు. పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే చాలామంది స్ట్రైకర్‌నవుతాననే అంటారు. గోల్‌కీపర్‌గా నిలబడే కుర్రాణ్ని మాత్రం బతిమాలుకోవాలి.

గోల్ కొట్టేవాడికే పేరు వస్తుంది కాబట్టి పిల్లలు అలా అనుకోవడం సహజం. ఆ పేరు రావడానికి ముందు ఆరేడేళ్లు ఎలా గడుస్తాయో మాత్రం టీవీలో కనిపించదు. ఈ రోజు ఆ తొలి ఏళ్ల గురించే చెప్పాలనుకుంటున్నాను. పిల్లలకంటే వాళ్ల తల్లిదండ్రులు వింటే నాకు ఎక్కువ సంతోషం.

హ్యారీ కేన్ సంగతి చూద్దాం. ఇంగ్లండ్ జాతీయ జట్టు చరిత్రలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన ఆటగాడు. 1993 జులైలో లండన్‌లో పుట్టాడు. ఎనిమిదేళ్ల వయసులో ఆర్సెనల్ క్లబ్బు అతణ్ని తన అకాడమీలో చేర్చుకుంది. ఒక్క సీజన్ చూసి, ఇక రానక్కర్లేదని పంపేసింది. ఆ తర్వాత 2004లో, పదకొండేళ్ల వయసులో, టాటెన్‌హామ్ క్లబ్బు తీసుకుంది. 2010లో మొదటి వృత్తి ఒప్పందం మీద సంతకం చేశాడు. ఇక గట్టెక్కినట్టేనని ఎవరైనా అనుకుంటారు. అసలు కష్టం అక్కడే మొదలైంది.

పెద్ద క్లబ్బులో పదిహేడేళ్ల స్ట్రైకర్‌కు చోటు దొరకడం చాలా కష్టం. డిఫెండర్లు నలుగురు ఆడతారు, మధ్య వరుసలో ముగ్గురో నలుగురో ఆడతారు. స్ట్రైకర్ స్థానం సాధారణంగా ఒక్కటే, మహా అయితే రెండు. ఆ ఒక్క స్థానాన్ని క్లబ్బు కోట్లు పోసి కొన్న ఆటగాడికే ఇస్తుంది. అందుకని కుర్రాణ్ని కింది డివిజన్‌లోని మరో క్లబ్బుకు అరువు మీద పంపుతారు. ఒప్పందం సొంత క్లబ్బుతోనే ఉంటుంది. ఆరు నెలలో, ఏడాదో అక్కడ ఆడి తిరిగి రావాలి.

మిరప రైతులకు ఇది చెప్పనక్కర్లేదు. నారుమడిలో ఏపుగా ఉన్న మొక్కను పీకి చేలో నాటితే ముందు తల వాలుస్తుంది. అది చచ్చిపోయిందని ఏ రైతూ మరునాడే పీకి పారేయడు. అరువు మీద వెళ్లిన కుర్రాడి పరిస్థితీ అంతే. అకాడమీలో అతను ఆడింది తన ఈడు పిల్లలతో. ఇక్కడ ముప్పై ఏళ్ల డిఫెండర్ వీపు మీద ముంజేయి ఆన్చి, కాలి మడమ తొక్కి, రిఫరీ అటు తిరిగినప్పుడు జెర్సీ పట్టుకుని లాగుతాడు. ఆ డిఫెండర్‌కు జట్టు కింది డివిజన్‌కు పడిపోతే జీతం తగ్గుతుంది. అతనికి ఇల్లూ పిల్లలూ ఉన్నారు. పసివాడని ఎందుకు వదిలిపెడతాడు?

కేన్ ఇలా నాలుగుసార్లు వెళ్లాడు. 2011 జనవరిలో మూడో డివిజన్‌లోని లేటన్ ఓరియంట్‌కు వెళ్లి 18 మ్యాచ్‌ల్లో 5 గోల్స్ కొట్టాడు. ఆ ఆగస్టులో సొంత క్లబ్బు తరఫున మొదటిసారి దిగే అవకాశం వచ్చింది. యూరోపా లీగ్ అర్హత పోటీలో స్కాట్లండ్ జట్టు హార్ట్స్‌తో మ్యాచ్. పెనాల్టీ సంపాదించిందీ అతనే, కొట్టిందీ అతనే. గోల్‌కీపర్ ఆపేశాడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు, సొంత మైదానం, మొదటి మ్యాచ్. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టి ఉంటుందని నేను అనుకోను.

2012 జనవరిలో మిల్‌వాల్‌కు వెళ్లాడు. అక్కడ 27 మ్యాచ్‌ల్లో 9 గోల్స్ కొట్టి, ఆ క్లబ్బు యువ ఆటగాడి బహుమతి అందుకున్నాడు. హమ్మయ్య అనుకునేలోపే తర్వాతి సీజన్ అంతా తలకిందులైంది. నార్విచ్‌కు వెళ్లి పాదంలో ఎముక విరగ్గొట్టుకున్నాడు. అక్కడ లీగ్‌లో ఒక్క గోల్ కూడా పడలేదు. 2013 ఫిబ్రవరిలో లెస్టర్‌కు వెళ్తే 15 మ్యాచ్‌ల్లో రెండే గోల్స్. ఆ మే నెలలో లెస్టర్ ఇంగ్లండ్ అగ్ర డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌లోకి ఎక్కడానికి కీలకమైన ప్లేఆఫ్ ఆడుతుంటే కేన్ బెంచి మీద కూర్చుని ఉన్నాడు. అదే బెంచి మీద జేమీ వార్డీ కూడా ఉన్నాడు.

వార్డీ గురించి ఒక మాట చెప్పే తీరాలి. పదహారేళ్లకు షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బు వద్దని పంపేస్తే, వైద్య పరికరాల ఫ్యాక్టరీలో పనిచేసుకుంటూ చిన్న చిన్న లీగుల్లో ఆడినవాడు. ఆ బెంచి మీద కూర్చున్న మూడేళ్లకు, 2015-16 సీజన్‌లో, ప్రీమియర్ లీగ్‌లో అత్యధిక గోల్స్ కొట్టింది హ్యారీ కేన్, 25. అతని వెనుక 24 గోల్స్‌తో వార్డీ ఉన్నాడు. ఆ ఏడాది లెస్టర్ ఏకంగా లీగ్ విజేత అయింది. 2013 మేలో గోల్స్ లెక్క మాత్రమే చూసి తీర్పు చెప్పి ఉంటే ఆ ఇద్దరినీ ఇంటికే పంపేవాళ్లు.

మరి గోల్స్ పడని రోజుల్లో స్ట్రైకర్ ఏం నేర్చుకుంటాడు? బంతి లేకుండా ఆడటం నేర్చుకుంటాడు. నేను మైదానంలో అన్నిటికంటే ఇష్టంగా చూసేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. బంతి కుడి అంచున మనవాడి దగ్గర ఉందనుకోండి. పెనాల్టీ ప్రాంతంలో స్ట్రైకర్ పక్కన డిఫెండర్ నిలబడ్డాడు. అనుభవం లేని కుర్రాడు నేరుగా బంతి వైపు పరుగెత్తుతాడు, డిఫెండర్ కూడా పక్కనే పరుగెత్తుతాడు. తెలిసినవాడు ముందు రెండు అడుగులు వెనక్కి, దూరపు స్తంభం వైపు వేస్తాడు. ఇప్పుడు డిఫెండర్‌కు చిక్కు వచ్చింది. బంతిని చూస్తే మనిషి కనిపించడు, మనిషిని చూస్తే బంతి కనిపించదు. అతను బంతి వైపు మెడ తిప్పిన ఆ అర క్షణంలో స్ట్రైకర్ అతని ముందు నుంచి దగ్గరి స్తంభానికి దూసుకొస్తాడు. బంతి వస్తే, కాలు ఆనిస్తే చాలు, గోల్. రాకపోతే ఆ పరుగు ఎవరి లెక్కలోకీ ఎక్కదు. మంచి స్ట్రైకర్ ఆ పరుగు మ్యాచ్ అంతా తీస్తూనే ఉంటాడు. బంతి వచ్చేది ఒకటి రెండుసార్లే.

నార్వే కుర్రాడు ఎర్లింగ్ హాలండ్‌దీ ఇలాంటి మొదలే. సొంత ఊరి క్లబ్బు బ్రూనే పెద్దల జట్టులో 16 మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ కూడా కొట్టలేదు. మోల్డే క్లబ్బుకు మారాక, 2018 జులై 1న బ్రాన్ జట్టు మీద మొదటి 21 నిమిషాల్లోనే నాలుగు గోల్స్ కొట్టాడు. అప్పటికి ఇంకా పద్దెనిమిదేళ్లు నిండలేదు.

కేన్ మలుపు అంత నాటకీయంగా రాలేదు. 2014 ఏప్రిల్ 7న సండర్‌లాండ్‌తో ఆడిన మ్యాచ్‌లో ప్రీమియర్ లీగ్‌లో టాటెన్‌హామ్ తరఫున మొదటిసారి తుది పదకొండు మందిలో చోటు దక్కింది. గోల్ కొట్టాడు. ఆ అక్టోబరులో గ్రీస్ జట్టు ఆస్టెరాస్ ట్రిపోలిస్ మీద హ్యాట్రిక్ కొట్టాడు. చివర్లో టాటెన్‌హామ్ గోల్‌కీపర్‌కు రెడ్ కార్డు పడింది, మార్చుకోవడానికి ఆటగాళ్లు మిగల్లేదు. గ్లవ్స్ వేసుకుని గోల్‌లో నిలబడిందీ కేనే. ఫ్రీకిక్ చేతుల్లోంచి జారి గోల్ పడింది కూడా. మూడు గోల్స్ కొట్టిన రాత్రి, ఎవరూ కోరుకోని పనికి ముందుకొచ్చాడు. నాకు ఆ హ్యాట్రిక్ కంటే ఈ గ్లవ్స్ సంగతే ఎక్కువ గుర్తుంటుంది. ఆ సీజన్ ముగిసేసరికి అన్ని పోటీల్లో కలిపి 31 గోల్స్ అయ్యాయి. 2015 మార్చిలో ఇంగ్లండ్ జట్టు తరఫున మొదటిసారి దిగి, లిథువేనియా మీద రెండు నిమిషాలు తిరగకుండానే గోల్ కొట్టాడు.

మనవాళ్ల దగ్గరికి వద్దాం. సునీల్ ఛెత్రి పుట్టింది సికింద్రాబాద్‌లోనే, 1984లో. 2005 జూన్‌లో క్వెట్టాలో పాకిస్థాన్ మీద మొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఆడి గోల్ కొట్టాడు. ఇప్పుడు అతని అంతర్జాతీయ గోల్స్ తొంభై దాటాయి. అంతటివాడు కూడా 2010లో అమెరికాలోని కాన్సస్ సిటీ క్లబ్బుకు, 2012లో పోర్చుగల్‌లోని స్పోర్టింగ్ క్లబ్బు రెండో జట్టుకు వెళ్లి ఎక్కువ రోజులు బెంచి మీదే గడిపి తిరిగొచ్చాడు. అంతకు అర్ధ శతాబ్దం ముందే సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టారు. ముప్పై ఏళ్లు రాకముందే ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానుకోవలసి వచ్చింది. ఆయన ఇంకో ఐదేళ్లు ఆడి ఉంటే అన్న ఆలోచన నన్ను ఎప్పుడూ వదలదు. అమ్మాయిలూ వెనకబడిలేరు. తెలంగాణకు చెందిన గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడటానికి వెళ్లింది.

ఇక మన విజయవాడ, గుంటూరుల సంగతి. కేన్ నాలుగు క్లబ్బులు తిరిగింది పదిహేడు నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య. ఆ వయసులో మన కుర్రాడు ఎక్కడుంటాడు? ఇంటర్ హాస్టల్లో. పొద్దున ఐదు గంటలకు లేపి పుస్తకాల ముందు కూర్చోబెడతారు. హాస్టల్‌కు ఆటస్థలమే ఉండదు, ఉన్నా తాళం ఉంటుంది. పదో తరగతి దాకా జిల్లా జట్టుకు ఆడిన కుర్రాడు బూట్లు ఇంట్లో వదిలేసి వెళ్తాడు. రెండేళ్ల తర్వాత వచ్చి చూసుకుంటే అవి కాలికి పట్టవు. చదువు మానేయమని నేను అనడం లేదు. ఏ తల్లిదండ్రుల భయమూ తక్కువది కాదు. కానీ స్ట్రైకర్ తయారయ్యేది సరిగ్గా ఆ రెండేళ్లలోనే. అవి పూర్తిగా పోతే మళ్లీ రావు. మైదానం నుంచి వచ్చిన కుర్రాణ్ని ఎన్ని గోల్స్ కొట్టావని అడిగే ముందు, ఎంతసేపు ఆడావని అడగండి. ఆ వయసులో లెక్కలోకి రావలసింది అదే.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ఇంటర్, డిగ్రీ చదివే కుర్రాళ్లకు వారానికి ఒక్క ఆదివారం ఉదయం, పెద్దవాళ్ల జట్టుతో పూర్తి తొంభై నిమిషాల మ్యాచ్. ఎండ ముదరక ముందే అయిపోవాలంటే ఆరు గంటలకు మొదలుపెట్టాలి. కావలసింది మంచి బంతి, సున్నంతో గీసిన గీతలు, వలతో రెండు గోల్ స్తంభాలు, నియమాలు తెలిసిన ఒక రిఫరీ. పోలీసు, రైల్వే ఉద్యోగుల్లో ఒకప్పుడు ఆడినవాళ్లు రెండు నగరాల్లోనూ ఉన్నారు. కళాశాలల వ్యాయామ అధ్యాపకులు వాళ్లను ఒకసారి పిలిచి మాట్లాడితే డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఆదివారాలన్నీ నడపవచ్చు. హాస్టళ్ల యాజమాన్యాలు ఆ ఒక్క ఉదయం గేటు తాళం తీయాలి. పిల్లల తల్లిదండ్రులే వెళ్లి అడిగితే కాదనడం వాళ్లకు కష్టం. ఈ వారమే అడగండి.

నమస్కారం.