బాణీ బెన్నీది, మందం టేపుది: ఆబ్బా సంగీతంపై స్టూడియో చర్చ

యాంకర్: స్వీడన్ పాప్ బృందం ఆబ్బాలో బాణీలు కట్టి, కీబోర్డ్ వాయించిన బెన్నీ ఆండర్సన్ 1946 డిసెంబరు 16న స్టాక్‌హోమ్‌లో పుట్టారు. ఆబ్బా బాణీల మూలం ఎక్కడ వెతకాలండీ?

కీబోర్డ్ కళాకారుడు: అకార్డియన్‌లో. తాత, తండ్రి ఇద్దరూ వాయించేవారు, ఆరేళ్లకే ఈయన చేతికీ ఒకటి ఇచ్చారు. స్వీడిష్ జానపద బాణీలు అలా వేళ్లకు పట్టుబడ్డాయి. 1964లో హెప్ స్టార్స్ బృందంలో చేరారు. 1966లో 'సన్నీ గర్ల్'తో పాటలు కట్టగలనని నిరూపించుకున్నారు. తర్వాత ఆబ్బాలో ఆయనతో కలిసి పాటలు కట్టిన బ్యోర్న్ ఉల్వేయస్ కలిసిందీ ఆ ఏడాదే.

యాంకర్: ఇద్దరూ ఎలా పనిచేసేవారు?

కీబోర్డ్ కళాకారుడు: ముందు బాణీ. మన సినిమాల్లో ట్యూన్‌కి పాట రాసినట్టే. ఆయన పియానో, బ్యోర్న్ గిటారు. తట్టిన ట్యూన్‌ని టేపులో దాచుకునేవారు కాదు. మర్నాటికి గుర్తులేకపోతే అది పనికిరానట్టే. చాలాసార్లు వాద్యాల రికార్డింగ్ అయ్యాకే సాహిత్యం వచ్చేది. 1975 ఆగస్టులో 'డాన్సింగ్ క్వీన్' మొదలుపెట్టినప్పుడు దాని పేరు 'బూగలూ'. అందులో ఎత్తుగడ గమనించండి: పియానో జారుడు కాగానే పల్లవి రెండో సగం వస్తుంది, ఆ తర్వాతే చరణం. అసలు పల్లవి కోసం మనల్ని కాచుకునేలా చేస్తాడు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది అదే.

సౌండ్ ఇంజినీర్: ఒప్పుకుంటాను. కానీ ఆబ్బా పాటల్లో ఒకే వాద్యం పలుమంది వాయించినట్టు నిండుగా వినిపించే ఆ మందం సంగతి వస్తే, వాళ్ల రికార్డింగ్ ఇంజినీరు మైకేల్ ట్రెటోని వదిలేయకూడదు. అమెరికాలో రికార్డు నిర్మాత ఫిల్ స్పెక్టర్ ఒకే గదిలో ఎంతోమందిని కూర్చోబెట్టి వాయింపించేవాడు. ట్రెటో ఆ నిండుదనాన్ని 1973లో 'రింగ్ రింగ్'కి తక్కువ మందితోనే రాబట్టాడు. ఒకసారి వాయించింది టేపుకెక్కాక వేగం కొంచెం మార్చి, అదే భాగాన్ని మళ్లీ వాయింపించేవాడు. వేగం మామూలుకి తెచ్చాక రెండింటికీ శ్రుతిలో వెంట్రుకవాసి తేడా వస్తుంది.

యాంకర్: ఎంత తేడా ఉండాలి?

సౌండ్ ఇంజినీర్: లెక్క చెప్తాను. వేగం 1 శాతం మారితే శ్రుతి దాదాపు 17 సెంట్లు జరుగుతుంది. అర్ధస్వరం అంటే 100 సెంట్లు. 440 హెర్ట్జ్ స్వరం దగ్గర అర శాతం తేడా పెడితే సెకనుకు సుమారు 2 కంపనలు, అంటే ధ్వని రెండుసార్లు పెరిగి తగ్గడం, వినిపిస్తాయి. చెవికి అది మెరుపులా ఉంటుంది. ఇంకా పెంచితే అపశ్రుతే. కింది స్వరాలు పలికే బేస్ గిటారుకి మాత్రం చేయకండి. 55 హెర్ట్జ్ దగ్గర అదే అర శాతం ఒక్కో కంపనకు మూడున్నర సెకన్లకు పైగా తీసుకుంటుంది. బేస్ ఒకసారి ఉబ్బి, ఒకసారి మాయమవుతుంది.

కీబోర్డ్ కళాకారుడు: వాయించేవాడు కూడా రెండోసారి అచ్చం అలాగే వాయించాలి. లయ జారితే మందం రాదు, గజిబిజి వస్తుంది. బెన్నీ చేతులు అక్కడ అక్కరకొచ్చాయి.

యాంకర్: ఆబ్బా తర్వాత?

కీబోర్డ్ కళాకారుడు: 1984లో గీత రచయిత టిమ్ రైస్‌తో 'చెస్' ఆల్బమ్, 1995లో స్వీడిష్ సంగీత నాటకం 'క్రిస్టీనా', ఆపైన సొంత ఆర్కెస్ట్రా. అకార్డియన్ మళ్లీ ముందుకొచ్చింది. 2021లో ఆబ్బా ఆల్బమ్ 'వాయేజ్'.

యాంకర్: ఇప్పుడు కంప్యూటర్‌లో ఆ మందం తేవచ్చా?

సౌండ్ ఇంజినీర్: తేవచ్చు. కానీ ఒకే టేక్‌ని కాపీ చేసి శ్రుతి జరిపితే గుల్లగా, తిరుగుతున్నట్టు వినిపిస్తుంది, ఎందుకంటే రెండు తరంగాలూ ఒకదాని అచ్చు ఒకటి. గిటారు, పియానో రెండోసారి నిజంగా వాయించండి. ఆ టేక్‌ని 8 సెంట్లు జరపండి, మొదటిదానికన్నా కాస్త తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి.

కీబోర్డ్ కళాకారుడు: బేస్, కిక్ డ్రమ్ ఒక్కొక్కటే.

సౌండ్ ఇంజినీర్: అంతే. చివర్లో మోనోలో, అంటే ఎడమ, కుడి ధ్వనులను ఒకటిగా కలిపి, విని చూడండి. అక్కడ ఏదైనా వాద్యం పలచబడితే ఆ టేక్ మళ్లీ వాయించాల్సిందే.