వేళ్లు ముడిచే కండరాలు ఎక్కడున్నాయి?

అందరికీ నమస్కారం. ఎడమచేత్తో మీ కుడి ముంజేతిని, మోచేతికి కాస్త కింద, లోపలివైపు పట్టుకోండి. ఇప్పుడు కుడిచేతి వేళ్లు ముడుస్తూ, చాపుతూ ఉండండి. చర్మం కింద ఏదో కదులుతోంది కదా? వేళ్లను వంచే ముఖ్యమైన కండరాలు అవే. ఎముకను లాగే కండరం వేలిలో ఒక్కటి కూడా లేదు. ముంజేతిలో కండరం బిగుసుకుంటే, దాని టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం, మణికట్టు దాటి వెళ్లి వేలి ఎముకను లాగుతుంది. అరచేతిలోని చిన్న కండరాలు వేలి మొదటి కీలును వంచడానికి సాయపడతాయి.

ముంజేతిలోని ఈ కండరాలు రెండు పొరలు. పై పొర టెండన్ వేలి నడిమి ఎముక దాకా, లోతు పొర టెండన్ చివరి ఎముక దాకా వెళ్తాయి. మరి లోపలున్నది ముందుకు ఎలా వెళ్లాలి? పైదే రెండుగా చీలి, మధ్యలోంచి దానికి దారి ఇస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఈ అమరిక ఆశ్చర్యమే. నాలుగు వేళ్లవి 8, బొటనవేలిది ఒకటి, మొత్తం 9 టెండన్లు మణికట్టులోని ఇరుకైన సొరంగంలోంచి వెళ్తాయి. వాటి పక్కనే ఒక నరం కూడా ఉంటుంది. అక్కడ ఒత్తిడి పెరిగి ఆ నరం నలిగితే వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

వేలి పొడవునా గట్టి పట్టీలు టెండన్‌ను ఎముకకు అంటిపెట్టి ఉంచుతాయి. అవి లేకపోతే వేలు వంచినప్పుడల్లా టెండన్ వింటినారిలా పైకి లేస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. గాజుముక్కో కత్తో తగిలి వేలి లోపలివైపు తెగుతుంది. గాయం చిన్నదే, రక్తం కూడా ఆగిపోతుంది. 'ఏముందిలే' అని కట్టు కట్టేసుకుంటాం. కానీ అక్కడ చర్మానికీ టెండన్‌కూ మధ్య దూరం చాలా తక్కువ. వేలి చివరి కణుపు వంగకపోతే లోతు టెండన్ తెగిందేమోనని అనుమానించాలి. తెగిన టెండన్‌ను ముంజేతిలోని కండరం లాగేసుకుంటుంది, దాని కొస అరచేతిలోకి కూడా జారిపోవచ్చు. అలా దూరమైన కొసలు వాటంతట అవే కలవవు. ఆలస్యమయ్యేకొద్దీ వాటిని దగ్గరికి తెచ్చి కుట్టడం కష్టమవుతుంది.

ఆపరేషన్‌తో పని అయిపోదు. కుట్టిన టెండన్‌ను పూర్తిగా కదలకుండా ఉంచితే చుట్టూ ఉన్న కణజాలానికి అతుక్కుపోతుంది, తొందరపడి గట్టిగా లాగితే మళ్లీ తెగుతుంది. అందుకే చేతికి ఆసరాగా కట్టే స్ప్లింట్ వేసి, కొద్ది రోజుల్లోనే థెరపిస్టు చెప్పినంత మేరకే మెల్లగా కదిలించడం మొదలుపెడతారు. బరువు పనులకు దాదాపు 12 వారాలు ఆగాలి. ఆ టెన్షన్ పేషెంటుకూ ఉంటుంది, వైద్యం చేసే మాకూ ఉంటుంది.

కాబట్టి వేలు లోతుగా తెగితే, చర్మానికి కుట్లు వేయించుకునే ముందే డాక్టరుగారిని అడగండి: 'వేలు ప్రతి కణుపు దగ్గరా వంగుతోందా, ఒకసారి చూస్తారా?'