మీ కుక్కకు ఒక్క ట్రిక్కే నేర్పాలనుకుంటే ఇది నేర్పండి

[దగ్గరి షాట్: కిందికి చాచిన అరచేయి. కుక్క వచ్చి ముక్కు ఆనించి, మనిషి మొహంలోకి చూస్తుంది.]

మీరు చూసింది రెండు సెకన్ల పని. ఇదీ ఒక ట్రిక్కేనా అనిపించొచ్చు. చుట్టాల ముందు చేయిస్తే ఎవరూ చప్పట్లు కొట్టరు. షేక్‌హ్యాండ్ ఇస్తేనో, నేల మీద దొర్లితేనో కొడతారు. అయితే చక్రాల కుర్చీలో ఉండే మనిషికి లైటు స్విచ్చి వేసిపెట్టే కుక్క ఉంటుంది చూడండి, దాని చదువు చాలాసార్లు మొదలయ్యేది ఈ ‘టచ్’తోనే, అంటే అరచేతికి ముక్కు ఆనించడంతోనే. అందుకే ఇవాళ షేక్‌హ్యాండ్ జోలికి పోవడం లేదు.

[టేబుల్ మీద చిన్న చిన్న తిండి ముక్కలు, పక్కన ఒక క్లిక్కర్.]

ముక్కలు చిటికెనవేలి గోరంత ఉంటే చాలు. పెద్దవైతే కుక్క నమలడంలో పడి, ఏం చేసిందో మర్చిపోతుంది. కడుపు నిండితే మీతో పనేముంది దానికి?

క్లిక్కర్ అంటే నొక్కితే టిక్‌మనే చిన్న పరికరం. అది ఎందుకంటే, కుక్క ముక్కు ఆనించిన క్షణానికీ, మీరు జేబులోంచి ముక్క తీసి నోటికి అందించే క్షణానికీ మధ్య బోలెడు జరిగిపోతుంది. ఈలోగా అది తల తిప్పుతుంది, కూర్చుంటుంది, తోక కేసి చూస్తుంది. ముక్క దేనికి వచ్చినట్టు? తల తిప్పినందుకని అనుకుంటే తప్పు దానిది కాదు. క్లిక్ శబ్దం ఫొటో తీసినట్టు ఆ ఒక్క క్షణాన్నీ పట్టి ఉంచుతుంది. ‘ఇదిగో, దీనికే’ అని చెప్పేస్తుంది. ముక్క రెండు సెకన్లు ఆలస్యమైనా ఫరవాలేదు. క్లిక్కర్ లేకపోతే ‘యెస్’ అనే మాట వాడండి, ప్రతిసారీ ఒకే గొంతుతో. మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1951లోనే, జంతువులకు నేర్పడానికి పిల్లలు ఆడుకునే టిక్‌టిక్ బొమ్మ సరిపోతుందని ఒక పత్రికలో రాశాడు. పెద్ద సామగ్రేమీ అక్కర్లేదు.

[అరచేయి, కుక్క మొహం పక్కన, జానెడు దూరంలో.]

ఇప్పుడు చేయి చూపించండి. నోరు విప్పొద్దు. వాసన చూద్దామని కుక్క ముక్కు చాస్తుంది. తగిలీ తగలగానే ‘యెస్’. ముక్క రెండో చేత్తో ఇవ్వండి. చేయి వెనక్కి తీసి, మళ్లీ చూపించండి.

పట్టించుకోలేదా? చేయి తీసుకెళ్లి దాని ముక్కుకు తగిలించకండి. అలా చేస్తే తాకింది మీరవుతారు, కుక్క అవ్వదు. చేయి వీపు వెనక దాచి, ఇంకాస్త దగ్గరగా మళ్లీ చూపించండి. కదిలి వచ్చిన వస్తువు వైపు కుక్క చూపు దానంతట అదే పోతుంది.

చేయి చూడగానే వచ్చి తాకుతోంది అని నమ్మకం కలిగాకే ‘టచ్’ అనే మాట చెప్పాలి, అదీ ఒక్కసారే, చేయి చూపించడానికి కాస్త ముందు. చాలామంది ఇక్కడ వరస తిరగేస్తారు. మొదటి రోజు నుంచీ ‘టచ్ టచ్ టచ్’ అంటూ ఉంటే ఆ మాట కుక్కకు ఫ్యాను చప్పుడుతో సమానమైపోతుంది.

[అరచేతికి అంటించిన పసుపు కాగితం. తర్వాత అదే కాగితం అలమర తలుపు మీద.]

అసలు మజా ఇక్కడుంది. అరచేతిలో ఒక అంటుకునే కాగితం పెట్టి తాకించండి. తర్వాత ఆ చేతిని తలుపుకు ఆనించి తాకించండి. తర్వాత కాగితం తలుపు మీదే వదిలి చేయి తీసేయండి. కుక్క కాగితం దగ్గరికే వెళ్తుంది. ఇప్పుడు తలుపు మూయడం నేర్పాలి. తలుపు రెండు వేళ్ల సందు మాత్రమే తెరిచి ఉంచండి. మెల్లగా తాకితే ఈసారి ‘యెస్’ అనొద్దు. కుక్క ఆగి మీ వైపు చూస్తుంది, ‘చేశాను కదా’ అన్నట్టు. మీరు కదలకండి. అది మళ్లీ వెళ్లి ఈసారి కాస్త గట్టిగా పొడుస్తుంది, తలుపు కదులుతుంది. అప్పుడే ‘యెస్’. ఇలా కొద్దికొద్దిగా మెట్టు పెంచడాన్నే ట్రైనర్లు షేపింగ్ అంటారు. ఒక మెట్టు దగ్గర వరసగా మూడుసార్లు తడబడితే ఆ మెట్టు ఎత్తు ఎక్కువైనట్టు, ఒకటి కిందికి దిగండి. తలుపు ధడాలుమంటే భయపడే కుక్కలుంటాయి, అంచుకు మెత్తటి గుడ్డ కట్టండి.

ఐదు నిమిషాలు మించకుండా ఆపేయండి.

[పక్కపక్కన రెండు దృశ్యాలు: తాడు లాగుతున్న కుక్క, నేల వాసన చూస్తున్న కుక్క.]

ఏ కుక్కకు ఏ పని? స్కిన్నర్ దగ్గర చదువుకున్న బ్రెలాండ్ దంపతులు 1947లో జంతువులకు ట్రైనింగ్ ఇచ్చే సంస్థ పెట్టారు. రకూన్ అనే అమెరికా అడవి జంతువు ఒకదానికి నాణేలు తీసి డబ్బాలో వేయడం నేర్పబోయారు. ఒక నాణెం అయితే కాస్త తటపటాయించినా చివరికి వేసేది. రెండు ఇచ్చేసరికి వాటిని వదలకుండా ఒకదానికొకటి రుద్దుతూ కూర్చుంది. రకూన్ తిండిని అలాగే రుద్దుకుంటుంది మరి. ఇలాంటివన్నీ కలిపి వాళ్లు 1961లో ఒక వ్యాసం రాశారు. పుట్టుకతో వచ్చిన అలవాటు, నేర్పినదాన్ని మెల్లమెల్లగా పక్కకు లాగేస్తుందని అందులో తేల్చారు.

అందుకే జాతి పేరు కన్నా నేను ముందు చూసేది, ఎవరూ ఏమీ అడగనప్పుడు కుక్క ఏం చేస్తోందన్నది. గుడ్డలు లాగి పీకుతుందా? సొరుగు పిడికి తాడు కట్టి, సొరుగు తెరవడం నేర్పండి. కనబడ్డదల్లా నోట కరుచుకొస్తుందా? కింద పడ్డ తాళాలు అందించే పని దానిదే. ఇలాంటి పొడుగు పనికి చివరి భాగాన్ని ముందు నేర్పాలి. ముందు నోట్లో ఉన్నది చేతిలో వదలడం, ఆ తర్వాత తీసుకుని రావడం, అన్నిటికన్నా ఆఖర్న నేల మీంచి ఎత్తడం. అప్పుడు కుక్క ఎప్పుడూ తనకు బాగా వచ్చినదాని వైపే నడుస్తుంది. నేల మీంచి ముక్కు తియ్యదా? మూడు మూసిన డబ్బాల్లో ఒకదానిలో గుడ్డముక్క దాచి వెతికించండి. గాలింపు కుక్కల చదువు కూడా ఈ దారిలోనే సాగుతుంది.

చేజర్ అనే బోర్డర్ కోలీ జాతి కుక్క సంగతి వినే ఉంటారు. జాన్ పిల్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దానికి 1,022 బొమ్మల పేర్లు నేర్పాడు, 2011లో ఆ పరిశోధన అచ్చయింది. అయితే దాని వెనక మూడేళ్ల పాటు రోజూ గంటల తరబడి చేసిన సాధన ఉంది. మన కుక్క పది పేర్లు నేర్చుకుంటే చిన్నబుచ్చుకోవాల్సిందేమీ లేదు.

[అదే తలుపు. ఈసారి మనిషి నేల మీద పడుకుని ‘టచ్’ అంటారు. కుక్క అయోమయంగా నిలబడుతుంది.]

ట్రిక్కు పనికొచ్చే పనిగా మారాలంటే ఈ అయోమయం పోవాలి. వంటింట్లో వచ్చింది పార్కులో రాదు. మీరు నిలబడి చెబితే చేసేది, కూర్చుని చెబితే చేయదు. కుక్క మాట కంటే ముందు మీ భంగిమ చదువుతుంది. అందుకే గది మార్చి, మనిషిని మార్చి, కుర్చీలో కూర్చుని, పడుకుని, వీపు తిప్పి, ప్రతి మార్పులోనూ మళ్లీ తేలిక మెట్టు నుంచి మొదలుపెట్టాలి. విసుగు పుట్టే దశ ఇదే. చాలామంది ఇక్కడే వదిలేస్తారు.

చూపు లేనివారికి దారి చూపే గైడ్ కుక్కల చదువు ఇంకో అడుగు ముందుకెళ్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో బడి మొదలైనప్పటి నుంచి దీని కథ నడుస్తోంది. యజమాని ‘ముందుకు’ అన్నా, ఎదురుగా బండి వస్తుంటే కదలకుండా నిలబడడం ఈ కుక్కలు నేర్చుకుంటాయి. చెప్పిన మాట వినకపోవడం కూడా నేర్పే విద్యే.

[వెనక కాళ్ల మీద నిలబడ్డ పొడుగు నడుము కుక్క. తెర మీద అడ్డగీత.]

నడుము పొడుగు, కాళ్లు పొట్టి ఉన్న కుక్కలను వెనక కాళ్ల మీద నిలబెట్టకండి, వెన్ను దెబ్బతింటుంది. పిల్లకుక్కల చేత ఎత్తు దూకుళ్లు చేయించకండి. ఎముకలు ముదరడానికి సైజును బట్టి ఏడాది, కొన్నిటికి ఏడాదిన్నర పడుతుంది.

ఆస్పత్రుల్లో రోగుల దగ్గరికి తీసుకెళ్లే థెరపీ కుక్కగా చేద్దామనుకునేవారు ముందు కొత్తవాళ్లు నిమిరేటప్పుడు మీ కుక్కను గమనించండి. మొహం పక్కకు తిప్పుకుంటుంటే, ఆకలి లేకుండా పెదాలు నాకుతుంటే, నిద్ర రాకుండా ఆవలిస్తుంటే అది ఓర్చుకుంటోందని అర్థం. ఆ కుక్కను జనంలోకి లాగకండి. డబ్బాల్లో గుడ్డ వెతికే ఆట ఇచ్చి చూడండి.