వరుసల మధ్య వేలాడే అర్థం: ఇండోనేషియా ఇస్లామీయ బడులు మరచిపోతున్న విద్య

నమస్కారం. ఇండోనేషియాలోని మితవాద ఇస్లామీయ పాఠశాలలు కేంబ్రిడ్జి పాఠ్యప్రణాళికను తెచ్చుకోవడంపై సాగుతున్న వాదన మీరందరూ విన్నదే. పరాయి చదువు వస్తే స్థానిక విలువలు అడుగంటిపోతాయని ఒక పక్షం, అది రాకపోతే పిల్లలు వెనకబడిపోతారని మరొక పక్షం. ఇద్దరూ అసలు విషయాన్ని చూడడం లేదు. పరాయి గ్రంథాన్ని తమదిగా చేసుకునే విద్య ఆ దేశపు పెసంత్రెన్‌లకు, అంటే సంప్రదాయ మత గురుకులాలకు, తరతరాలుగా తెలిసినదే!

జావాలో పెసంత్రెన్ విద్యార్థి చదివే ‘కితాబ్ కునింగ్’ను, అంటే ‘పసుపు పుస్తకం’ అని పిలిచే అరబ్బీ మత గ్రంథాన్ని, దగ్గరగా చూడండి. వరుసల నడుమ వెడల్పుగా ఖాళీ ఉంటుంది. గురువు అరబ్బీ మూలాన్ని చదువుతూ మాటమాటకూ అర్థం చెబుతుంటే, విద్యార్థి ఆ మాట కిందనే జావా భాషలోని అర్థాన్ని, అరబ్బీ లిపిలోనే, ఏటవాలుగా రాసుకుంటాడు. కర్త ఏదో, ఆఖ్యాతం ఏదో తెలిపే గుర్తులు కూడా పెడతాడు. ఈ రాతను ‘గాందుల్’ అంటారు, వేలాడేది అని అర్థం. మూలంలో ఒక్క అక్షరం చెరగదు, ఇంటి భాష తరగతి గది బయట నిలబడదు.

ఉదయమంతా ఇంగ్లీషులో సైన్సు, లెక్కలు చెప్పి, సాయంత్రం ఒక పీరియడు విలువలకు కేటాయించి, దానిని రెండు చదువుల సమ్మేళనం అంటే నేను ఒప్పుకోను. 1975లో ముగ్గురు మంత్రుల ఉమ్మడి నిర్ణయం మదర్సాలలో సాధారణ విషయాలకు 70 శాతం వాటా ఇచ్చి, వాటి సర్టిఫికెట్లకు మిగిలిన బడులతో సమానమైన విలువ కల్పించింది. ఎంతో మేలు చేసిన నిర్ణయమే, కాని చదువును శాతాలుగా పంచుకునే అలవాటు అక్కడే బిగుసుకుందని నా గట్టి నమ్మకం.

పరాయి పద్ధతి అంటే బెదిరిపోయేవారికి ఒక్క సంగతి గుర్తుచేస్తాను. 1912లో ముహమ్మదియా అనే ఇస్లామీయ సంస్కరణ సంస్థను స్థాపించిన అహ్మద్ దహ్లాన్ జావాలోని యోగ్యకర్త నగరంలో నల్లబల్ల, బెంచీలు పెట్టి పాఠం చెప్పినప్పుడు ఆయనను అవిశ్వాసి అని కూడా నిందించారు. ఈనాడు బెంచీ మీద కూర్చుంటే మతం పోతుందని ఎవరైనా అంటారా? బోర్డు మీద ‘అంతర్జాతీయ’ అన్న మాట చూసి మురిసిపోయేవారికీ ఒక సంగతి ఉంది: ప్రభుత్వ బడులకు ఆ స్థాయి కట్టబెట్టిన పథకాన్ని రాజ్యాంగ న్యాయస్థానం 2013 జనవరిలో కొట్టివేసింది.

మరి అసలైన సమ్మేళనం ఎలా ఉండాలి? చక్రవడ్డీ లెక్కనే తీసుకోండి. విద్యార్థి సూత్రం ప్రకారం జవాబు రాబట్టిన తరువాత, అదే గంటలో, అదే పుట అంచున, బ్యాంకు వడ్డీపై నహ్దతుల్ ఉలమా అనే ఇండోనేషియా ఇస్లామీయ సంస్థ పండితులు నమోదు చేసిన మూడు అభిప్రాయాలను, అంటే నిషిద్ధమని, అనుమతించదగినదని, సందేహాస్పదమని, రాసుకుని తోటివారితో వాదించాలి. లెక్కల మాస్టారు, మత గురువు ఇద్దరూ ఆ గదిలోనే ఉండాలి.